షారోన్ కారుకి ఎంత రెక్క కావాలి

2023 ఫిబ్రవరి. మచిలీపట్నంలో గిలకలదిండి వెళ్లే దారిలో నా షెడ్డు. బోర్డు మీద ఫైబర్ వర్క్స్ అని రాసి ఉంటుంది. అది చదివి వచ్చేవాళ్లు తక్కువ, కరీముల్లా షెడ్డు ఎక్కడని అడుగుతూ వచ్చేవాళ్లే ఎక్కువ. చాలా ఏళ్లు హార్బర్లో ఫైబర్ పడవలు చేశాను. గాజునారతో చేసిన మ్యాట్‌ని రెజిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పొర మీద పొర పరిచి ఆరనివ్వడం ఆ పని. తర్వాత నడుం సహకరించక కార్ల బంపర్ల పనిలోకి దిగాను. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని ఊళ్లో పేరు. ఉన్నమాట చెబితే కోపమంటారు, నేనేం చెయ్యను.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు ముందు ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు ఆగింది. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు కూడా లేదు. పక్క సీటు కిటికీలోంచి పొడుగాటి అట్టపెట్టె ఒకటి సగం బయటికి పొడుచుకొచ్చి ఉంది. నడుపుకుంటూ వచ్చిన అమ్మాయి పేరు షారోన్. కోడూరు మనిషి. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. జీతంలో కూడబెట్టుకుని ఆ పాత కారు కొనుక్కుంది. ఊళ్లో తిరగడానికి కాదు, చెన్నై దగ్గర రేస్ ట్రాక్ మీద జరిగే టైమ్ అటాక్ పోటీ కోసం. అందులో పక్కపక్కన పరిగెత్తడం ఉండదు. ఒక్కొక్కరూ ట్రాక్ చుట్టి వస్తారు, ఎవరికి తక్కువ టైము పడితే వాళ్లు గెలిచినట్టు.

“బాబాయ్ గారూ, ఈ వింగ్ బిగించాలండీ. ఎంత నిటారుగా వీలైతే అంత నిటారుగా బిగించండి,” అంది.

పెట్టె విప్పాను. అల్యూమినియం రెక్క. కారు వెడల్పుని మించి ఉంది.

“తల్లీ, ఇది కారుకా, విమానానికా?”

నవ్వలేదు. ఎడమ భుజం తడుముకుంటూ నిలబడింది. పోయినేడు అదే పోటీలో, వేగంగా తిరగాల్సిన ఒక కుడి మలుపులో కారు వెనక భాగం ఉన్నట్టుండి పక్కకి విసిరేసిందట. కారు గిర్రున తిరిగి టైర్ల గోడకి కొట్టుకుంది. ఈ అమ్మాయికి భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ మనసు అతుక్కోలేదు.

“ప్రాక్టీసుకి రెండుసార్లు వెళ్లానండీ. ఆ మలుపు వచ్చేసరికి యాక్సిలరేటర్ మీంచి కాలు దానంతటదే లేచిపోతోంది. ఈసారి కూడా అలాగే అయితే కారు అమ్మేస్తానని అమ్మకి మాటిచ్చాను. అందుకే వెనక గట్టిగా పట్టుకునేది కావాలి నాకు.”

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. విమానం రెక్క గాలిలో పైకి లేస్తుంది. అదే రెక్కని తిరగేసి కారుకి బిగిస్తే గాలి కారుని కిందికి అదుముతుంది. దాన్ని డౌన్‌ఫోర్స్ అంటారు. టైరు రోడ్డుని గట్టిగా పట్టుకోవడానికి అది కావాలి. వెనక ఈ పని చేసేది వింగ్, ముందు చేసేది స్ప్లిట్టర్. బంపర్ కింద పళ్లెంలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుందే, అదే స్ప్లిట్టర్. ఈ రెండూ ఒకదానికొకటి సరితూగాలి.

కారు కింద దూరి చూసేసరికి నాకు ఒళ్లు మండింది. వేరే ఊళ్లో ఎవరో ముందు పెద్ద స్ప్లిట్టర్ బిగించారు. దాని వెనక, ఇంజిన్ అడుగున గాలి సాఫీగా జారిపోవడానికి అండర్ ట్రే అనే రేకు కూడా వేశారు. మరి వెనక? డిక్కీ అంచున జిగురుతో అంటించిన ప్లాస్టిక్ ముక్క ఒకటి. అందానికి తప్ప దేనికీ పనికిరాదు. ముందు టైర్లు రోడ్డుకి అతుక్కుంటే, వెనక టైర్లు తేలిపోయాయి. తిరిగిపోక ఏం చేస్తుంది?

“నీ తప్పేం లేదమ్మా అందులో,” అన్నాను. “వెనక రెక్క కావాల్సిందే. కానీ ఇంత పెద్దది వద్దు.”

“పెద్దదే కావాలి బాబాయ్ గారూ.”

“నేను చెప్పేది విను.”

“మీరే వినండి. కారు తిరిగినప్పుడు లోపల ఉన్నది నేను.”

స్పానర్ అందుకున్నాను. బిగించాను. అయితే డిక్కీ రేకుకి కాదు. వేగంలో అంత బరువు పడితే రేకు వంగిపోతుంది. కింద ఛాసిస్ చట్రం దాకా ఇనప కాళ్లు దింపి బోల్టులు వేశాను. రెక్క వాలుని మార్చుకోవడానికి పట్టీలో వరసగా రంధ్రాలు వేశాను. రెక్కని అన్నిటికంటే నిటారుగా నిలిపే పై రంధ్రంలో పెట్టించింది షారోన్. ఆ దారిన పోయే వలల వాళ్లు ఆగి, “బాబాయ్, దీని మీద చీరలారేసుకోవచ్చు,” అని ఎగతాళి చేశారు.

ఇంత నిటారు పెడితే లాభం లేదని మాటలతో చెబితే నమ్మే మనిషి కాదు. చూపించాలనుకున్నాను. మార్చిలో ఒక శనివారం పొద్దున ఇద్దరం అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్లాం. తిన్నటి రోడ్డు చూసుకుని, రెక్క అడుగున ఉన్ని దారం ముక్కలు వరసగా టేపుతో అంటించాను. ఫోన్ని డిక్కీ మీద పైకి చూసేలా బిగించాను. ఎనభై దాటొద్దని చెప్పి పక్కన కూర్చున్నాను. దారాలు తలొంచుకుని వెనక్కి పరుచుకుంటే గాలి రెక్కని అంటిపెట్టుకుని పోతున్నట్టు. పిచ్చిపట్టినట్టు ఎగిరితే గాలి రెక్కని వదిలేసినట్టు.

రెక్కని పై రంధ్రంలోనే ఉంచి ఒకసారి వెళ్లి వచ్చి వీడియో చూశాం. దారాలన్నీ చిందులు తొక్కుతున్నాయి. కొన్ని ముందుకి కూడా తిరిగాయి. మూడు రంధ్రాలు దించి మళ్లీ వెళ్లాం. దువ్విన జుట్టులా పడుకున్నాయి.

“నిటారుగా ఉంటే ఎక్కువ అదుముతుందనుకున్నావు. అది కారుని వెనక్కి లాగుతోంది అంతే,” అన్నాను.

షారోన్ ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసింది. “సరే, నిటారు వద్దు. కానీ సైజు మాత్రం ఇంతే,” అంది. మొండి ఘటం. నాలాంటి వాళ్లే దొరుకుతారు నాకు.

తిరిగి వచ్చేటప్పుడు జరిగింది అసలు సంగతి. వరి కోసిన చేలల్లో మినుము వేస్తారు మాకు. అది పీకే రోజులు. పీకిన మొక్కల్ని తారురోడ్డు మీద దట్టంగా పరుస్తారు. బస్సులూ లారీలూ వాటిమీదుగా తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. కూలి ఖర్చు లేని నూర్పిడి. షారోన్‌కి తెలియనిది కాదు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. వెళ్లేటప్పుడు పక్కనుంచి జాగ్రత్తగా తప్పించింది కూడా. వచ్చేటప్పుడు మాత్రం ఎదురుగా బస్సు వచ్చింది. రోడ్డుకి ఒక పక్క మినుము, ఇంకో పక్క బస్సు. నెమ్మది చేసి మినుము మీదికే ఎక్కించింది.

బస్సుకి అది లెక్కలోది కాదు. జానెడు ఎత్తు లేని కారుకి అది గోడ. స్ప్లిట్టర్ ఆ మినప కట్టెనంతా పారలా తోసుకుంటూ పోయి, మధ్యకి ఫట్‌మని విరిగింది. మిగిలిన కట్టె కారు కిందికి దూరి, అండర్ ట్రేకీ సైలెన్సర్ గొట్టానికీ మధ్య కుక్కుకుపోయింది. కారు ఆగీ ఆగగానే పొగ. ఎండిన మినప కట్టె, కాలుతున్న గొట్టం. ఇంకేం కావాలి?

“దిగు, దిగు,” అని అరిచి షారోన్‌ని చెయ్యి పట్టి లాగాను. చేలో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పంటకాలవలోంచి బిందెలతో నీళ్లు తెచ్చి కారు కింద గుమ్మరించారు. మంట లేవలేదు. ఆ మినుము తాలూకు పెద్దావిడ నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది. కారుకి ఏమైందో అడగలేదు.

“ఏవయ్యా, ఆ రేకు కింద ఇరుక్కున్నవి కూడా దులిపి పెట్టు. అవీ మా గింజలే గదా.”

రోడ్డు మీద బోర్లా పడుకుని ఆవిడ మినుములు దులిపి ఇచ్చాను. షారోన్ విరిగిన స్ప్లిట్టర్ ముక్కలు రెండూ ఒళ్లో పెట్టుకుని కాలవ గట్టున కూర్చుని ఏడ్చింది. పోటీకి వారం కూడా లేదు.

షెడ్డుకి చేరాక కళ్లు తుడుచుకుని అంది, “ముందుది పోతే పోయింది బాబాయ్ గారూ. అది లేకుండానే వెళ్తాను. వెనక రెక్క ఉంది కదా, అది చాలు.”

“అలాగైతే ఈ కారు నా షెడ్డులోంచి కదలదు.”

“నా కారు అది.”

“బోల్టులు నావి.”

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. కానీ ఇది ఆత్రం కాదు, భయం. అది నాకు తెలుస్తూనే ఉంది. అందుకే గొంతు తగ్గించి, నాకు తెలిసిన పడవ భాషలోనే చెప్పాను. పడవలో వెనక బరువు ఎక్కువైతే ముక్కు లేస్తుంది. ముక్కు లేచిన పడవ తిప్పితే తిరగదు. నీ కారూ అంతే. వెనక అంత రెక్క ఉండి ముందు ఏమీ లేకపోతే, నువ్వు స్టీరింగ్ తిప్పినా ముందు టైర్లు వినవు. పోయినేడు వెనక్కి తిరిగి గోడకి కొట్టావు, ఈసారి తిన్నగా పోయి కొడతావు.

చాలాసేపు కారు చుట్టూ తిరిగింది. తర్వాత అడిగింది, “మరి ముందుది ఈలోపు చెయ్యగలమా?”

“చిన్నది చెయ్యగలం. మునుపటంత పెద్దది, గట్టిగా, ఈ టైములో కాదు.”

“ముందు చిన్నదైతే…” అని ఆగిపోయింది. రెక్క వైపు చూసింది. తనకే అర్థమైంది.

హ్యాక్సా తీసుకొచ్చాను. రెక్క విప్పి బల్ల మీద పెట్టి రెండు చివర్లా గీత గీశాను. ఆ గీతలు చూసి అమ్మాయి మొహం పాలిపోయింది. కొత్త రెక్క, ముచ్చటపడి తెప్పించుకున్నది. ఒక చివర నేను కోస్తుంటే రెండో పక్క పట్టుకుంది. కోసిన ముక్క నేల మీద ఠంగుమని పడింది. రంపం తన చేతిలో పెట్టాను.

“అటువైపు నువ్వు కొయ్యి.”

“నేనా? వంకర పోతే?”

“పోతే ఆకురాయితో సరిచేద్దాం.”

కోసింది. మొదట రంపం గీత దాటింది, సగంలోకి వచ్చాక దారిలో పడింది. ఆ రోజు నుంచీ ల్యాబ్ అయిపోగానే షెడ్డుకి వచ్చేది. స్ప్లిట్టర్ అచ్చుకి మైనం పూసింది. మ్యాట్ కత్తిరించింది. రెజిన్ తడిపి పొరలు పరవడం, గాలి బుడగలు రోలర్‌తో నొక్కి తీయడం నేర్చుకుంది. మొదటి పొర పాడు చేసింది. తిట్టాను. మళ్లీ చేసింది. చేతులకి గాజునార గుచ్చుకుని దురద పుడితే, కొబ్బరినూనె రాసుకుని మళ్లీ మొదలుపెట్టేది. విరిగిన స్ప్లిట్టర్ లోపల సన్నటి చెక్క తప్ప ఏం లేదని తన కళ్లతో చూసి, ఈసారి లోపల ఏముందో నాకు తెలుసు అంది. అండర్ ట్రే మాత్రం తిరిగి వెయ్యలేదు. దాని పని దానికుంది గానీ, ఆ పొగ చూశాక నాకు మనసొప్పలేదు.

పోటీకి ట్రక్కు మీద కారు వేసుకుని నేనూ వెళ్లాను. పోటీకి ముందు కార్లు తనిఖీ చేసే ఆఫీసరు రెక్కని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కారు మొత్తం ఊగింది గానీ రెక్క కదల్లేదు. ముందు వంగి స్ప్లిట్టర్ మీద కాలు వేసి నొక్కాడు. ఎవరు చేశారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు షారోన్ చెప్పింది, “మేమేనండీ.”

ఆ మలుపు నేను నిలబడ్డ చోటికి కనబడదు. శబ్దం మాత్రం వినబడుతుంది. మొదటి చుట్టులో ఇంజిన్ శబ్దం ఠక్కున పడిపోయింది. కాలు లేచింది. రెండో చుట్టులో కూడా తగ్గింది, అంత కాదు. మూడో చుట్టులో చెవులు అటే పెట్టాను. శబ్దం అలాగే సాగిపోయింది. ఎక్కడా తెగలేదు. పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఊపేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు.

కారు లోపలికి వచ్చి ఆగింది. హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటతో నుదుటికి అతుక్కుపోయి ఉంది. నన్ను చూసి అన్న మొదటి మాట ఇది.

“బాబాయ్ గారూ, తిన్నటి దారిలో రెక్క లాగేస్తోందండీ. ఇంకొక రంధ్రం దించుదామా?”

స్పానర్ తన చేతికే ఇచ్చాను.

ఆ రోజు మొదటి మూడు స్థానాల్లో ఏదీ రాలేదు. కారు అమ్మలేదు. వాళ్లమ్మ ఫోన్ చేసి నన్ను నాలుగు తిట్టింది. ఆవిడ తిట్టడంలో న్యాయముంది, వింటూ ఊరుకున్నాను.

ఆ కారుతో నాకు తెలిసిందేమిటంటే, రెక్క సైజు అడిగేవాళ్లలో కొందరు అడిగేది రెక్క కాదు. వాళ్లకి ధైర్యం కావాలి. నేనెంత గట్టిగా బిగించినా అది నా బోల్టుల్లోంచి రాదు. కోసిన చెయ్యి, పరిచిన చెయ్యి తమదైతే కొంత వస్తుంది. అందుకే ఇప్పుడు నా షెడ్డులో కారు ఓనరుకి కుర్చీ వెయ్యను, గరుకు రుద్దమని ఉప్పు కాగితం చేతికిస్తాను.