చిలుకమ్మ తిన్న పరిశోధన

మా ఆయన కిషన్ రావుతో కాపురానికి వచ్చిన నాటినుంచి నా వంటింట్లో వంట తప్ప అన్నీ జరిగాయి. మట్టెవాడలో మేం అద్దెకున్న ఇంట్లో వంటిల్లు ఒక్కటే. ఇంటావిడ చిలుకమ్మ పొయ్యి, నా పొయ్యి, ఈయన గాజు గొట్టాలు అన్నీ అందులోనే. కాలేజీలో కరెంటు నిలవదని 1986లో సరంజామా మొత్తం ఇంటికే మోసుకొచ్చాడు మహానుభావుడు.

సముద్రపు నాచు జిగురులో మందు కలిపి, వెంట్రుకంత గొట్టంలోంచి కాల్షియం నీళ్లలోకి చుక్కలుగా వదిలేవాడు. చుక్క పడగానే గట్టిపడి సగ్గుబియ్యం గింజలాంటి పూసయ్యేది. మింగితే మందు ఒక్కసారే దిగిపోకుండా రోజంతా మెల్లగా దిగాలట. మందుగా కలిపింది బి-విటమిన్. అది దిగుతున్నంతసేపూ మూత్రం పచ్చగా వస్తుంది, దాచినా దాగదు. మామూలు పొడి అయితే మధ్యాహ్నానికే రంగు పోతుంది.

హైదరాబాదు నుంచి పరీక్షకుడు వచ్చి, చూసి, సంతకం పెడితేనే ఈయనకు డాక్టరేటు, కొలువు. నెలంతా చేసిన పూసలను గిన్నెడు నీళ్లలో ఉంచి పడుకున్నాం. తెల్లారితే పరీక్ష. తెల్లారితే ఏకాదశి కూడా.

లేచి చూస్తే గిన్నె బోర్లించి ఉంది.

"సాబుదాన నానబెట్టి మరిసిపోయినవు బిడ్డా," అంది చిలుకమ్మ మూతి తుడుచుకుంటూ. "రంగు గూడ మంచిగనే ఏసినవు. నాకియ్యాల ఒక్కపొద్దు గదా, పాలల్ల ఉడకబెట్టుకొని తిన్న. ఎంత ఉడికినా కరుగలే. దుకాణపోడు మోసం జేసిండు."

మా ఆయన నేలమీద కూలబడ్డాడు. "అయిపాయె సుగుణా! నా కొలువు పెద్దమ్మ కడుపులకు పోయింది!"

నాకు ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. ఆ మొహం చూస్తే ఏడుపూ వచ్చింది. మందు సంగతి, పచ్చరంగు సంగతి తెలిసి చిలుకమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, ఒక్కపొద్దు నాడు మందు తింటినా! పిలగాని కొలువు గూడ తింటినా!"

అంతలో పరీక్షకుడు రిక్షా దిగనే దిగాడు. మా ఆయన నసుగుతూ జరిగింది చెప్పాడు. "పూసలు లేకుండా పరీక్షేమిటండీ?" అని ఆయన విసుక్కుంటూ లేచాడు. చిలుకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"యాడికి పోతాండ్రు సారూ? పూసలు నా కడుపుల ఉన్నయి. జర కూసోండ్రి. పొద్దూకెదాక పచ్చగ వస్తె మా పిలగాడు పాసు. లేకుంటె ఫెయిలు."

పాపం, కూర్చున్నాడు. పెరట్లోకి వెళ్లి వచ్చినప్పుడల్లా చిలుకమ్మ ఆయన చాయ్ కప్పు పక్కనే ఒక సీసా పెట్టేది. నేను సిగ్గుతో చచ్చాను. మధ్యాహ్నం దాటింది, పచ్చనే. దీపాలు పెట్టే వేళయింది, అప్పుడూ పచ్చనే. పరీక్షకుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని సంతకం చేశాడు.

మా ఆయన వెళ్లి చిలుకమ్మ కాళ్లమీద పడ్డాడు.

"లే బిడ్డా, జర పక్కకు జరుగు," అందామె. "మళ్ల వస్తాంది."