రత్నరాజు ఒప్పుకున్న తప్పు

రత్నరాజు గారి గురించి మా చర్చిలో ఎవరిని అడిగినా "మంచి మనిషండీ, పాపం" అంటారు. ఆ "పాపం" వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మంచి మనిషని తెలిసే కదా ఆయనకి అంత పని చేశాం! కాస్త గడుసువాడైతే మా మీద తిరగబడేవాడు, మా పేర్లన్నీ బయటపెట్టేవాడు. పిల్లలు ఆయన మాటంటే చెవి కోసుకునేవారు. ఆ మాటకి విలువ లేకుండా చేశాం. అందులో నేనేం తక్కువ తినలేదు.

ఆయనది నరసాపురం దగ్గర చిన్న ఊరు. మిషిగన్ వచ్చి పదకొండేళ్ళు కార్ల తలుపులకి డ్రాయింగులు గీశారు. రెండు వేల తొమ్మిది జనవరిలో కార్ల కంపెనీలు కుదేలైనప్పుడు ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ ఏడు మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉద్యోగం పోని ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేది. మా ఆయన జూడ్ ఉద్యోగం కూడా ఇవాళో రేపో అన్నట్టుండేది. మిగతావాళ్ళు టెక్సాస్‌కీ కాలిఫోర్నియాకీ రెజ్యూమెలు పంపుతూ కూర్చుంటే, రత్నరాజు గారు ఆగస్టుకల్లా మా పిల్లలు చదివే ఎలిమెంటరీ స్కూల్లో కస్టోడియన్‌గా చేరిపోయారు. అంటే బడి ఊడ్చి, తుడిచి, బాత్రూములు కడిగి, తాళం వేసే మనిషి.

ఇక చూస్కోండి, చర్చిలో గుసగుసలు! "ఇంజినీరింగ్ చదివి ఇదేం ఖర్మ బ్రదర్" అని ఒకరు. "భార్య ఫార్మసీలో చేస్తోంది కదా, కాస్త ఆగలేకపోయాడా" అని ఇంకొకరు. స్త్రీల కూడిక అయ్యాక టీ తాగుతూ నా వంతు నేనూ అన్నాను. ఆయన మాత్రం ఆదివారం వచ్చేసరికి అదే ఇస్త్రీ చొక్కా, అదే నవ్వు. తెలిసే నవ్వేవారో, తెలియకో.

తమాషా ఏమిటంటే, మేం ఆరాధన చేసుకునే చోటు కూడా ఆయన చలవే. అంతకుముందున్న హాలువాళ్ళు మమ్మల్ని పొమ్మంటే, ఈయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఆదివారం మధ్యాహ్నాలు స్కూలు కెఫెటీరియా ఇప్పించారు. "మిస్టర్ రాజు మాటిస్తే నాకు చాలు" అందట ఆవిడ. షరతులు రెండే. వాళ్ళ వంటగది ముట్టుకోకూడదు. ఆవరణలో ఏదీ పారబోయకూడదు.

ఆ రెండోది ఆయనకి ప్రాణం. పార్కింగ్‌లో వాననీళ్ళు పోవడానికి నేలలో బిగించిన ఇనప జాలీలు ఉంటాయి కదా, వాటిలో పోసిందంతా ఎక్కడికో పోయి శుభ్రమైపోతుందనుకునేదాన్ని నేను. పోదట. గొట్టంలోంచి తిన్నగా స్కూలు వెనక వాగులోకే వెళ్తుందట. ఆయనకి ముందు పనిచేసినతను తుడిచిన సబ్బునీళ్ళన్నీ ఆ జాలీలోనే కుమ్మరించేవాడు. ఈయన చేరిన వారం నుంచే బకెట్లన్నీ లోపలి సింక్‌కి మోసుకెళ్ళడం మొదలెట్టారు. థర్డ్ గ్రేడ్ పిల్లలు వాగులో రాళ్ళు తిప్పి పురుగులు లెక్కపెట్టే ప్రాజెక్టు చేసేవారు. ఏ పురుగులు బతుకుతున్నాయో చూస్తే నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో తెలుస్తుందట. వాళ్ళకి రబ్బరు బూట్లూ జల్లెళ్ళూ సర్దిపెట్టేది ఈయనే. ఇందులో పోసింది వాగులోకే పోతుందని గుర్తుండేలా ప్రతి జాలీ పక్కనా పిల్లల చేత చేప బొమ్మ వేయించింది ఈయనే.

స్కూలు ప్రతి శుక్రవారం ఇంటికి పంపే న్యూస్‌లెటర్‌లో ఓ మూల ఆయనకి నాలుగు లైన్లు ఇచ్చారు, ‘వాటర్ కార్నర్’ అని. కారు వీధిలో కడక్కండి, గడ్డి మీద కడగండి. కుక్క చేసింది ఎత్తి చెత్తబుట్టలో వేయండి. ఈ వారం వాగులో రెండు కొత్తరకం పురుగులు కనిపించాయి. అంతే, అలాంటివి. కింద ‘మిస్టర్ రాజు’ అని పేరు. పదకొండేళ్ళు గీసిన తలుపుల మీద ఎక్కడా ఆయన పేరు లేదు మరి. ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టి దాచుకుంటున్నారని ఆయన భార్య అనురాధ ఓసారి నవ్వుతూ చెప్పింది.

మా ఎలీనా ఆ క్లాసులోనే ఉండేది. నేను ఇంట్లో మూకుడు కడుగుతుంటే "మామ్, ఆ ఆయిల్ ఎక్కడికి వెళ్తుంది?" అని నిలదీసేది. "రత్నరాజు అంకుల్ చెప్పాడు" అందంటే ఇక దానికి తిరుగు లేదు. తండ్రి చెప్పినా వినేది కాదు, ఆయన చెబితే వినేది.

రెండు వేల పది అక్టోబరులో కోతల పండుగ వచ్చింది. మా కోస్తా క్రైస్తవులకి క్రిస్మస్ తర్వాత అంత పెద్దది అదే. పెరట్లో కాసిన గోంగూర, సొరకాయలు, గుమ్మడికాయలు తెచ్చి దేవుడి ముందు పెట్టి, తర్వాత వేలం వేస్తాం. ఆపైన భోజనాలు. బిర్యానీ ఇళ్ళల్లో వండి గిన్నెలతో తెచ్చాం. గారెలు మాత్రం వేడివేడిగా ఉండాలని పార్కింగ్‌లో గ్యాస్ పొయ్యి పెట్టి వేశాం. ముందు ఆదివారమే రత్నరాజు గారు లేచి అందరికీ చెప్పారు, "దయచేసి నూనె గానీ కడిగిన నీళ్ళు గానీ బయట పోయకండి. పెద్ద డ్రమ్ము పెడతాను, అందులో పోయండి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

సాయంత్రం అయిదున్నరకే డ్రమ్ము నిండిపోయింది. ఆరింటికల్లా మేం ఖాళీ చేయాలి. ఆయన లోపల బల్లలు మడిచి నేల తుడుస్తున్నారు. మూకుడు నిండా నూనె, పక్కన బిర్యానీ గిన్నెలు కడిగిన నీళ్ళు రెండు టబ్బులు. నాతో ఉన్నావిడ "రత్నరాజు గార్ని పిలుద్దామా?" అంది. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెప్తాను. "ఎందుకూ? బాత్రూములు కడిగే ఆయన పర్మిషన్ కావాలా మనకి?" అని నవ్వి, మూకుడెత్తి జాలీలో ఒంపేశాను. టబ్బులూ అంతే. చేప బొమ్మ మీద మెతుకులు పడితే చెప్పుకాలితో తోసేశాను.

మంగళవారం వాన పడింది. గురువారం పిల్లలు వాగుకి వెళ్ళారు. నీళ్ళ మీద నూనె తెట్టె, రాళ్ళ సందుల్లో మెతుకులు. ఏ రాయి తిప్పినా జిడ్డే, పురుగులు చచ్చి తేలుతున్నాయి. ఒక పిల్ల అక్కడ దొరికిన బిర్యానీ ఆకు తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది. ఆవిడ రత్నరాజు గారిని పిలిచి, "ఆదివారం ఇక్కడున్నది మీ చర్చివాళ్ళే. ఏం జరిగిందో కనుక్కుని రేపు పొద్దున చెప్పు. వాళ్ళ పనే అయితే ఇక వాళ్ళకి ఈ తలుపు తెరవను" అందట.

ఆ సాయంత్రం మా ఇంట్లోనే కూడారు. చర్చి సెక్రటరీ సత్యం గారు, జూడ్, రత్నరాజు గారు. టీ అందిస్తూ నేను. సత్యం గారు ఎప్పుడూ గొంతు పెంచరు. చేయించుకోవలసిన పని మాత్రం చేయించుకుంటారు.

"బ్రదర్, అరవై కుటుంబాలు. చలికాలం వచ్చేస్తోంది, ఎక్కడికి పోతాం చెప్పండి? మీరైతే స్కూలు మనిషి. డ్రమ్ము నిండిపోతే తెలియక నేనే ఖాళీ చేశాననండి. మిమ్మల్నేమంటారు? ఓ వార్నింగ్ ఇస్తారు, అయిపోతుంది."

"తెలియక అని ఎలా అంటానండీ?" అన్నారు రత్నరాజు గారు. "ఆ పిల్లలకి నేర్పిందే నేను."

"పోనీ, ఎవరు పోశారో మీరే చెప్పండి" అన్నారు సత్యం గారు.

రత్నరాజు గారు తలెత్తి నావైపు చూశారు. ఆ చూపుతోనే నాకర్థమైంది, ఆయనకి తెలుసని. నేను బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. సింక్ దగ్గర నిలబడి, ఏమంటారా అని చెవులు రిక్కించాను. చివరికి "సరేనండి" అని వినపడింది. అమ్మయ్య అనుకున్నాను. అవును, అమ్మయ్య అనే అనుకున్నాను, ఛీ!

మర్నాడు ఆయన ప్రిన్సిపాల్‌కి అలాగే చెప్పారు. ఆవిడ కాసేపు నమ్మలేదట. నమ్మాక, తప్పు చేసినవాడు పిల్లల ముందు ఒప్పుకోవాలి కదా అని, ఆయన్ని థర్డ్ గ్రేడ్ క్లాసుకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

ఎలీనా ఏడుస్తూ ఇంటికొచ్చింది. "మామ్, ఆయిల్ పోసింది అంకులేనంట. మా అందరి ముందూ చెప్పాడు. హీ లైడ్ టు అస్! డోంట్ పోర్ అని మాకు చెప్పి, తనే పోశాడు!"

"పోన్లేమ్మా, పెద్దవాళ్ళు కూడా పొరపాటు చేస్తారు" అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

టీచరు పిల్లలందరి చేతా ఆయనకి ఉత్తరాలు రాయించింది. కొందరు క్షమించామని రాశారట. ఎలీనా ఇంట్లో కూర్చుని రాసింది. "మిస్టర్ రాజు, నువ్వు చెప్పినవన్నీ నేను నమ్మాను. నువ్వే నమ్మలేదు. ఇక నువ్వేం చెప్పినా నమ్మను." నేను చదివాను. చదివి, మడిచి, దాని బ్యాగులో పెట్టాను. చించేయొచ్చు కదా? చించలేదు.

తర్వాతి శుక్రవారం న్యూస్‌లెటర్‌లో ‘వాటర్ కార్నర్’ లేదు. ఆ మూలనే, వాగులో జరిగినదానికి మిస్టర్ రాజు చింతిస్తున్నారని వేశారు. ఆదివారం సత్యం గారు, దేవుడు మన కోసం తలుపు తెరిచే ఉంచాడని స్తోత్రాలు చెల్లిస్తూ కళ్ళు తుడుచుకున్నారు. అందరం ఆమెన్ అన్నాం. నాది కాస్త గట్టిగానే వినిపించి ఉంటుంది. రత్నరాజు గారు వెనక వరసలో ఉన్నారు. అనురాధ రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నేను ఫోన్ చేస్తే, "మీ గారెలు బాగున్నాయి సిస్టర్, మా ఆయన ఉద్యోగం కూడా నంజుకుతినండి" అని పెట్టేసింది.

ఆవిడ అన్నట్టే అయింది. మరుసటి వేసవిలో స్కూళ్ళ శుభ్రం పనంతా ఒక కాంట్రాక్టు కంపెనీకి అప్పజెప్పారు. పాతవాళ్ళలో ఫైల్లో మచ్చ లేనివాళ్ళని ఆ కంపెనీ తీసుకుంది. సత్యం గారు చెప్పిన ఆ ఒక్క వార్నింగ్ ఈయన ఫైల్లో ఉంది. తీసుకోలేదు. నెల తిరక్కుండా ఆ కుటుంబం చర్చికి రావడం మానేసింది. మేం వెళ్ళి పలకరించామా? ప్రార్థన విన్నపాల జాబితాలో ఆయన పేరు రాసుకున్నాం.

ఇప్పుడాయన మా ఊళ్ళోని ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు సర్దుతున్నారు. రెండేళ్ళ కిందట మొదటిసారి అక్కడ ఎదురుపడ్డప్పుడు చేతిలో బుట్ట కింద పెట్టేశాను. "అన్నయ్యా, ఆరోజు పోసింది..." అని మొదలెట్టాను.

"తెలుసు సిస్టర్. కిటికీలోంచి చూశాను" అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "ఉద్యోగం సంగతి వదిలేయండి. మీ అమ్మాయి ఉత్తరం నా దగ్గరుంది. పోసింది నేను కాదని ఆ పిల్ల ఒక్కదానికి చెప్పండి, చాలు."

చెప్తానన్నాను. బైబిల్ మీద చెయ్యేసినట్టే అన్నాను.

పోయిన శనివారం ఎలీనా నాతో స్టోర్‌కి వచ్చింది. దానికిప్పుడు పన్నెండేళ్ళు. ఆయన బెండకాయల పెట్టె దించి, చేతులు తుడుచుకుని, "బాగున్నావా అమ్మా?" అని పలకరించారు. అది "హాయ్" అని ముఖం తిప్పుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయింది. ఆయన నావైపు చూశారు. చెప్పలేదా అని అడగలేదు. నేను కరివేపాకు చేతిలోకి తీసుకుని, "ఇది తాజాదేనా అండీ?" అన్నాను. "ఇవాళే వచ్చింది సిస్టర్" అన్నారు.

కార్‌లో కూర్చున్నాక ఎలీనా అంది, "ఆయనతో అంత నైస్‌గా ఎందుకు మాట్లాడతావు మామ్? మర్చిపోయావా?" నేను కారు స్టార్ట్ చేశాను.

ఆ రాత్రి మొదలుపెట్టి ఇదంతా రాశాను, ఒక్క ముక్క దాచకుండా. తెలుగులో రాశాను. ఎలీనాకి తెలుగు చదవడం రాదు.