రోకలి పరీక్ష

పోయిన నెల అనంతపురం ఆసుపత్రిలో నా మనవడికి చెవుల పరీక్ష చేశారు. వాడు పుట్టి రెండు రోజులైనా కాలేదు. నర్సమ్మ చిన్న బుడిపె లాంటిదేదో వాడి చెవిలో పెట్టి, చేతిలోని పెట్టె వంక చూసి, "బాగానే వినపడతాండాదిలేమ్మా" అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. నేను దేవుడికి దండం పెట్టుకునేలోపే అయిపోయింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇదే పరీక్ష మా ఇంట్లో ఒకప్పుడు రోకలితో చేశాం.

మా అక్కను మా మేనమామకే ఇచ్చారు. నల్లమాడ దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే మబ్బుల వంక చూస్తూ కూర్చోవడం. మా అమ్మను కన్న అవ్వే అక్కకు అత్త కాబట్టి ఆ ఇంట్లో అత్తాకోడళ్ల పోట్లాట కూడా గారాబం లాగే ఉండేది. ఆయన్ను మామా అనాలో బావా అనాలో తేలక, నేను చాలాకాలం ఏమీ అనకుండానే నెట్టుకొచ్చాను. "బయట ఇస్తే బిడ్డ యాడుంటాదో, ఎట్లుంటాదో. ఈడైతే కండ్ల ముందరే ఉంటాది" అనేది అవ్వ. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. అందుకే ఇప్పటికీ ఎవరిని తిట్టుకోవాలో నాకు తెలియదు.

తొంభైల చివర్లో వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. వాకిట్లో కాయలు ఒలిచే మిషన్ గడగడలాడుతున్నా ఉయ్యాల్లో హాయిగా నిద్రపోయేది. ఎంత మంచి బిడ్డో అని ఊరంతా మెచ్చుకుంది. కోడి కూస్తే చాలు లేచి రాగం తీసే పిల్లల తల్లులు మా అక్కను చూసి కుళ్లుకున్నారు. రెండేళ్లు దాటినా పిల్లకు మాట రాలేదు. అవ్వ రోజూ పొద్దున్నే వస కొమ్ము సానరాయి మీద అరగదీసి దాని నాలుకకు రాసేది. మాట తొందరగా వస్తుందని. "మన ఇంట్లో అందరికీ మాట నిదానమే. మీ మామ మూడేండ్లకు పలికినాడు" అనేది.

నేనప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. జువాలజీ పుస్తకంలో దగ్గరి రక్తసంబంధాల పెళ్లిళ్ల గురించి ఒక పేజీ ఉండేది. సెలవులకు వెళ్లి, పిల్లకు చెవులు వినపడవేమో, డాక్టరుకు చూపించండి అన్నాను. ఇల్లంతా నా మీద పడింది. చివరికి అవ్వ, "సరే, ఇప్పుడే చూద్దాం పట్టు" అని రోకలి తెచ్చి నా చేతికిచ్చింది. పిల్ల మాకు వీపు చేసి బండల మీద కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది. రోకలెత్తి దాని వెనక బండ మీద ధడేల్మని వేశాను. పిల్ల గిరుక్కున తిరిగి నన్ను చూసి నవ్వింది.

"చూసినావామ్మే? నీ సదువు పాడుగాను" అంది అవ్వ. అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. బండ అదిరితే ఆ అదురు పిల్ల ఒంటికి తగిలిందని ఇంత చదివిన నాకు తట్టలేదు. ఆ తర్వాత ఎవరు అనుమానపడినా రోకలి తీసేవాళ్లు, పిల్ల తిరిగేది, వచ్చినవాళ్లు ఒప్పుకుని కాఫీ తాగి వెళ్లేవాళ్లు. అలా ఇంకో రెండేళ్లు పోయాయి.

బడిలో వేయబోతే, పిలిస్తే పలకడం లేదని అయ్యవారు పంపేశాడు. అప్పుడు అనంతపురం తీసుకొచ్చారు. నేనూ వెంట ఉన్నాను. డాక్టరు పరీక్ష చేయించి పుట్టుచెవుడన్నాడు. దగ్గరి సంబంధాల్లో ఇలాంటివి ఎక్కువన్నాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తాంటిరప్పా? పసిబిడ్డప్పుడే చెవికి మిషన్ పెట్టి నేర్పింటే మాటలు వచ్చుండు. ఇప్పుడు శానా కష్టం."

మామ తలకు చుట్టుకున్న టవల్ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "మేం చూసినాం సార్. రోకలి కొడితే తిరుగుతాండాది" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. అక్క నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

మిషన్ పెట్టించారు. చాలా ఏళ్ల తర్వాత ఆ పిల్ల అమ్మా అనడం నేర్చింది కానీ, అది అమ్మా అని అక్కకొక్కదానికే తెలిసేది. అవ్వ పోయేదాకా ఎవరి దిష్టి తగిలిందో వెతుకుతూనే ఉంది. పిల్ల మాత్రం ఎవరిని పిలవాలన్నా మడమతో నేలను రెండుసార్లు కొట్టేది. మనుషులు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారని అనుకుంది. నేర్పింది మేమే కదా.

ఇప్పుడామె గోరంట్లలో బట్టలు కుడుతుంది. మనవడికి తానే కుట్టిన చొక్కా తీసుకుని ఆసుపత్రికి వచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి వచ్చి భుజం తట్టింది. "ఆ యమ్మ శానాసేపటి నుంచి కాలితో నేల కొడతాండాది, మీరు తిరగనేలేదు" అంది నర్సమ్మ. ఆమె నవ్వుతూ చొక్కా నా చేతిలో పెట్టింది. చిన్నప్పుడు రోకలి అదురుకు తిరిగి నవ్విన నవ్వే అది. నా మనవడికి నిమిషాల్లో తేలింది. ఆమెకు మేం నాలుగేళ్లు పోగొట్టాం. అందరికీ ఎప్పుడో గడిచిపోయిన ఆ నాలుగేళ్లు నాకింకా గడవలేదు.