వియ్యాలవారింటి కమాను

మాలెం లర్బీ, అంటే లర్బీ మేస్త్రి, గుమ్మాలకు నగిషీ పెట్టేవాడు. ఫెస్ నగరపు పాతబస్తీలో మా సందులో ఎవరింట్లో కొత్త ద్వారం తెరిచినా, గోడ కోయించి, దాని అంచులకు జిప్సం పూసి, అది ఆరేలోగా ఉలితో తీగలూ నక్షత్రాలూ చెక్కడం అతని పని. చెయ్యి ఎంత నిదానమో మనసంత కంగారు. పని ముగించిన ఇంటి ముందు నుంచి వెళ్తూ తలుపు కొట్టి, "అంతా బాగానే ఉందా?" అని అడిగేవాడు. "గోడ నిలబడే ఉంది మాలెం, నువ్వే కాస్త కూర్చో" అని నవ్వేవాళ్ళు.

ఒక్కగానొక్క కూతురు బతూల్‌ను ఆ సందులోనే లల్లా కెంజా కొడుక్కిచ్చాడు. బతూల్‌కు నెలలు నిండుతుండగా లల్లా కెంజాకు ఓ కోరిక పుట్టింది. మనవడో మనవరాలో పుడితే ఏడో రోజు పేరు పెట్టే పండుగకు ఊరంతా వస్తుంది, కింది రెండు గదుల మధ్య గోడ తీసి పెద్ద కమాను పెట్టాలని. వియ్యంకుడు ఉండగా పరాయివాడెందుకు అంది. లర్బీ కాదనలేకపోయాడు.

ఏ గోడనైనా కోసేముందు దాన్ని రెండు వైపులా పిడికిలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఇక్కడ ఒక వైపంతా విన్నాడు. రెండోవైపు మూలన మాత్రం లల్లా కెంజా పెళ్ళినాటి దేవదారు పెట్టె ఉంది. ఆడపిల్లనిచ్చినవాడు వియ్యపురాలి పెట్టె జరపమని ఏ నోటితో అడుగుతాడు? ఆ మూల తట్టకుండానే గోడ కోయించాడు. పైన దూలం ఎక్కింది. నగిషీ పూర్తయింది. అంత మంచి పని అతను అంతకుముందు చేయలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఉన్నది సరిగ్గా ఆ కమాను పైగదిలో.

మూడో రోజున పెట్టె ఉన్న మూలకు పైన, నగిషీ పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. తడి జిప్సం ఆరేటప్పుడు అలా అవుతుందిలే అనుకుని పూడ్చాడు. మర్నాటికి మళ్ళీ తెరుచుకుంది. అప్పుడు పగులుకు అడ్డంగా కాగితమంత పల్చగా జిప్సం ముద్ద అంటించాడు. గోడ కదిలితే ముందు అది చిట్లుతుంది. ఆ రోజు నుంచి బిడ్డను చూసే నెపంతో పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. చూసేది మాత్రం గోడను.

"మనవరాలి మొహం పైనుందన్నయ్యా, గోడ మీద కాదు" అనేది లల్లా కెంజా.

"సరిగ్గా ఆరిందో లేదోనని, చెల్లెమ్మా."

పండుగ నాటి పొద్దున ముద్ద రెండుగా చిట్లి ఉంది. కింద నేల మీద చిటికెడు ఇసుక రాలి ఉంది.

లర్బీ పరుగున వెళ్ళి ఇద్దరు మనుషులతో లావుపాటి దుంగ మోయించుకొచ్చాడు. మా సందులో సగం ఇళ్ళు దుంగల ఆసరాతోనే నిలబడ్డాయి, దానికెవరూ సిగ్గుపడరు. కొత్త కమాను నడుమ, అదీ చుట్టాలొచ్చే రోజున దుంగంటే వేరు. బిగిస్తుండగా లల్లా కెంజా వంటింట్లోంచి వచ్చింది.

"ఏంటిది? ఇవాళా నా ఇంటికి కర్ర పెట్టడం?"

"బతూల్‌ను కిందికి దింపాలి చెల్లెమ్మా. ఇప్పుడే."

"బాలింతను ఏడో రోజు పొద్దున్నే మెట్లు దింపుతారా? నీకు కంగారు రోగం ముదిరింది. పూసెయ్యి ఆ పగులు, చుట్టాలు వెళ్ళాక చూద్దాం."

అతని చేతిలో తాపీ ఉంది, పక్కన తడి జిప్సం ఉంది. పూస్తే సాయంత్రందాకా ఎవరికీ కనిపించదు. తాపీ కింద పెట్టేశాడు.

"పెట్టె వెనక గోడ నేను తట్టి చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

"నీ పెట్టె. జరపమని ఎట్లా అడగను?"

ఆమె పెట్టె దగ్గరికి నడిచింది. "పెట్టె జరపమనడానికి సిగ్గేసింది. నా గుమ్మంలో దుంగ పాతడానికి మాత్రం వెయ్యలేదు." అంటూనే పెట్టె ఒక కొస పట్టుకుంది. "ఊఁ, ఆ కొస పట్టు."

పెట్టె జరిగింది. లర్బీ పిడికిలితో తట్టాడు. డొల్లగా మోగింది. ఏ కాలంలోనో ఉన్న గూడును మట్టితో పూడ్చి సున్నం కొట్టారు. దూలం ఒక కొస దాని మీద కూర్చుంది.

లల్లా కెంజా తనే పైకెళ్ళింది. బిడ్డను ఎత్తుకుని ముందు ఆమె, గోడ పట్టుకుంటూ వెనక బతూల్. "నాన్నా, ఏమైంది?" అని మెట్ల మీంచి అడిగింది కూతురు. "ఏం లేదు తల్లీ, మెల్లగా, అటు వైపు రాకు" అన్నాడు లర్బీ. చెవులు మాత్రం దూలం మీదే ఉన్నాయి. మళ్ళీ ఇసుక రాలిన చప్పుడు. దుంగను రెండు చేతులా పట్టుకున్నాడు, అతను పట్టుకుంటే ఆగేది అన్నట్టు.

ముగ్గురూ ఇంటి నడిమి ముంగిలి దాటి అవతలి గదిలోకి చేరాక అతను దుంగ వదిలాడు. దుంగకు ఎడంగా నేల మీదే కూలబడ్డాడు. చుట్టాలు రావడం మొదలైంది. పీటలన్నీ ముంగిట్లో వేయించి, అడిగినవాళ్ళతో లల్లా కెంజా, "మా అన్నయ్య పని ఇంకా అవలేదు" అని మాత్రం చెప్పింది.

తర్వాత మెంతులేసి వండిన కోడికూర, రొట్టె ముక్కలూ గిన్నెలో తెచ్చి అతని ముందు పెట్టింది.

"తిను. ముందు కడుపులో పడనీ. ఆ తర్వాత నీ చెక్కుడంతా నువ్వే పగలగొట్టుకోవాలి."

లర్బీ తిన్నాడు. కళ్ళు కమాను మీంచి తియ్యకుండానే.