అత్తయ్య ఎక్కితేనే కదిలే కారు

ఆ పాత కారు కదలాలంటే మూడు కావాలి: పెట్రోలు, తాళంచెవి, అత్తయ్య. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే తాళం తిప్పినప్పుడు టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చేది, బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రలైటు మినుకుమినుకుమనేది, అంతే. అత్తయ్య వచ్చి వెనకసీటులో కుడి మూల సర్దుకుని కూర్చోగానే ఇంజను గుర్రంలా సకిలించేది.

అల్లుడు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునే మనిషి. దేన్నీ ఊరికే నమ్మడు. అత్తయ్య బరువెంతో అడగడానికి మొహం చెల్లక, కంటితోనే అంచనా కట్టి అంత సిమెంటు బస్తాను ఆ మూల కూర్చోబెట్టాడు. కారు బస్తాను లెక్కచేయలేదు. తర్వాత భార్యకు వాళ్లమ్మ శాలువా కప్పి కూర్చోబెట్టాడు. కారు మోసపోలేదు. పక్కింటి పోలీసాయన్ను బతిమాలి ఎక్కించాడు. ఆయన్ను చూసి జనం భయపడ్డారు గానీ కారు భయపడలేదు.

మెకానిక్కులూ వచ్చారు. ఒకతను బానెట్ తెరిచి, బ్యాటరీని ఎవరో ఎత్తుకుపోయారు, కేసు పెట్టమన్నాడు. ఈ రకం కార్లలో అది వెనకసీటు కింద ఉంటుందని అల్లుడే చెప్పాల్సి వచ్చింది. ఇంకొకతను సెల్ఫ్ మోటారు మార్చాడు. మరొకతను తాళంచెవి మార్చాడు. సీటెత్తి చూద్దామని ఎవరైనా అంటే మాత్రం అల్లుడికి రోషం పొడుచుకొచ్చేది. ఆ కొత్త బ్యాటరీని ఆర్నెల్ల కిందట బిగించింది స్వయంగా తనే. ఇరవయ్యేళ్లుగా ల్యాబులో ఒక్క స్క్రూ వదులు కానివ్వని చెయ్యి తనది. దాన్ని అనుమానించడం కన్నా అత్తయ్యను కారులో ఒక భాగమని ఒప్పుకోవడమే అతనికి న్యాయంగా తోచింది.

అత్తయ్యకు అంతకన్నా కావలసింది లేదు. భర్త పోయి కూతురింటికి వచ్చిన నాలుగేళ్లలో ఆవిడ చూసిన లోకం వంటగది కిటికీ, పళ్ల డాక్టరు కుర్చీ. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి చేతిసంచి తగిలించుకుని కాలేజీకి ప్రయాణం. సాయంత్రం కారు తిరిగి కదలాలి కాబట్టి పగలంతా అక్కడే. లైబ్రరీలో డిటెక్టివ్ నవలల బీరువా ఖాళీ చేసింది. వాచ్‌మన్‌ను చదరంగంలో ఏడిపించింది. ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే ముందుగా కబురు పెట్టమన్నాడు ప్రిన్సిపాలు. ఆ రోజు ల్యాబు తాళం తీసేవాడు వేళకు రాడు మరి.

రెండో వారంలోనే ఆవిడకు గుట్టు దొరికింది. ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకోవడం ఆవిడ అలవాటు. మడమ నొక్కితే లైటు ఆరుతుంది, ఎత్తితే వెలుగుతుంది. ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. అల్లుడు అడ్డదారిన సందుల్లోకి తిప్పినప్పుడల్లా ఎర్రలైటు వెలిగేది, బజారు రోడ్డెక్కగానే ఆరిపోయేది. ఈ కారుకు సందులు పడవని అల్లుడు తేల్చాడు.

ఇంతలో ఆవిడకు జలుబు చేసి మూడు రోజులు పడుకుంది. మూడు రోజులూ బస్సులో నిలబడి నలిగిన అల్లుడు నాలుగోనాడు వైర్ల తాతయ్యను పిలిపించాడు. పాతకార్ల కరెంటు జబ్బులకు ఆయనే పెద్ద వైద్యుడు. ఆయన బానెట్ జోలికి పోలేదు. ఎవరి చోట్లో వాళ్లను కూర్చోమని, తను అల్లుడి పక్కన ఎక్కి, అద్దంలోంచి వెనకసీటు వైపే చూస్తూ రెండుసార్లు స్టార్టు చేయించాడు. తర్వాత పదో నంబరు పానా తెమ్మని అల్లుణ్ణి ఇంట్లోకి పంపి, వెనక్కి తిరిగాడు.

"చెల్లెమ్మా, నీ మడమ కింద బ్యాటరీకి వైరును పట్టి ఉంచే క్లాంపు వదులుగా ఉంది. నువ్వు నొక్కితే సీటు స్ప్రింగు దాన్ని అదుముతోంది. తెలుసా నీకు?"

"తెలిస్తే ఏం?"

"ఎన్నాళ్లయింది తెలిసి?"

"అయిదు నెలలు. నీకు పుణ్యముంటుంది అన్నయ్యా, దాన్ని బిగించకు. బిగించావంటే రేపటినుంచి నేను మళ్లీ ఆ వంటగదిలోనే."

తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "వదులైన చోట నిప్పురవ్వలు లేస్తాయమ్మా. పైన సీటులో కుక్కింది కొబ్బరిపీచు. అంటుకుందంటే నువ్వూ ఉండవు, అల్లుడూ ఉండడు."

అల్లుడి మాట వినగానే ఆవిడ కాలు కిందికి దించింది. ఇంకేమీ అనకుండా తలుపు తీసుకుని దిగి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

పని అంతా కలిపి పానాను అరచుట్టు తిప్పడమే. మొదట ఆ బ్యాటరీ బిగించింది ఎవరో తాతయ్య అడగలేదు, అల్లుడు చెప్పలేదు.

మర్నాడు ఎనిమిదింటికి కారు ఒక్క తిప్పుకే స్టార్టయ్యింది. అత్తయ్య హాల్లో కూర్చుని నిన్నటి పేపరు మళ్లీ చదువుతోంది. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమని కూతురు అప్పటికి రెండుసార్లు చెప్పింది. బయట కారు మాత్రం కదలలేదు. పది నిమిషాలు నిలుచున్నచోటే గుర్రుమని, చివరికి ఆగింది. అల్లుడు చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

"కారు స్టార్టవడం లేదు అత్తయ్యా."

"దాని చప్పుడు వీధంతా విన్నది బాబూ."

"ఆ చప్పుడు వేరు." అతను గోడను చూస్తూ అన్నాడు. "ఒక్కసారి వచ్చి కూర్చుంటారా?"

ఆవిడకు పేపరు మడతపెట్టడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపే పట్టింది.

"అయితే ఈసారి ముందుసీటులో కూర్చుంటాను. వెనకనుంచి రోడ్డు సగమే కనిపిస్తోంది."

"అలాగే. ఆ ప్రయోగం ఇంకా చెయ్యలేదు మనం."

ఇద్దరూ ఎక్కారు. అల్లుడు తాళం తిప్పాడు. కారు స్టార్టయ్యింది. ఇద్దరిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.