పిన్ని పెట్టిన లంఖణం

మొన్న కడుపు కాస్త చెడి, పొద్దున్నుంచీ మజ్జిగ తప్ప ఏమీ ముట్టకుండా కూర్చుంటే తాడేపల్లిగూడెం పిన్ని గుర్తొచ్చింది. అమ్మకి చెల్లెలు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. "లంఖణం పరమౌషధం" అన్న మాట మీద ఆవిడకున్నంత నమ్మకం ద్వారకా తిరుమల వెంకన్న మీద కూడా ఉండేది కాదేమో. జ్వరమొచ్చినా, అజీర్ణం చేసినా, ఎవరిమీదైనా కోపమొచ్చినా ఆవిడకి అదే మందు.

పిల్లలు లేరు. బాబాయి పోయాక ఆ ఇంట్లో మిగిలింది పిన్నీ, ఒక గోధుమరంగు ఊరకుక్కా. పొద్దున ఓ గిన్నెడు అన్నం వండి పెరుగు కలిపేది. సగం తనకి, సగం దానికి. "మా కుక్కకి నీచు సంగతే తెలీదే" అని గర్వంగా చెప్పేది. నాకు నవ్వొచ్చేది. కానీ గుమ్మంలో నిలబడి "అన్నం తిందువుగాని రా" అని పిలుచుకోవడానికి ఆవిడకి ఇంకెవరున్నారు?

ఓ వానాకాలం నేను వెళ్ళేసరికి ఆ కుక్క అరుగు మీద ముడుచుకు పడుకుని ఉంది. ముందురోజు నుంచీ కక్కుతోందట. "అజీర్ణమేనే. గడ్డి కూడా తింది. తిండి మాన్పించాను, అదే సర్దుకుంటుంది" అంది పిన్ని. ఆవిడ మొహమూ పీక్కుపోయి ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగించిన జాడే లేదు. అది పస్తుంటే తనకి ముద్ద దిగలేదట! ఇద్దరూ కలిసి లంఖణం చేస్తున్నారన్నమాట. నేను గిన్నెలో నీళ్ళు పెడితే అది రెండు గుక్కలు తాగి, అంతలోనే కక్కేసింది. అందులో రక్తపు చార కనబడింది. ఇంక పిన్ని మాట వినకుండా కారు మాట్లాడి, ఇద్దర్నీ ఏలూరు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏం తిందండీ?" అన్నాడాయన. "పెరుగన్నమేనండి" అంది పిన్ని. ఎక్స్‌రేలో చూస్తే పేగులో ఇంత లావు చేప వెన్నుముక్క. పిన్ని వాళ్ళ వీధి చివర కొల్లేరు చేపలు కోసి అమ్మే బండి ఉందన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. "మా ఇంట్లో చేప మాటే ఎత్తమండీ!" అని పిన్ని ఇంకా వాదిస్తోంది. డాక్టరు నవ్వి, "ఒకసారి కక్కి, మళ్ళీ హుషారుగా తిరుగుతుంటే ఒక పూట తిండి ఆపి చూడొచ్చండి. నీళ్ళు కూడా నిలవకపోయినా, రక్తం కనబడినా, ఇలా నీరసంగా పడిపోయినా ఇంక ఆగకూడదండి, వెంటనే తెచ్చెయ్యాలి" అన్నాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ పిన్ని బల్ల మీద నా పక్కన కూర్చుంది. "ఇది కూడా వెళ్ళిపోతే నేనెవరికి వండాలే?" అని ఒక్కసారే అంది. నాకు ఏడుపొచ్చింది.

అది బతికింది. కొన్నాళ్ళపాటు మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టమన్నారు. పెట్టినప్పుడల్లా తనూ రెండు ముద్దలు తిని పిన్ని కాస్త ఒళ్ళు చేసింది కూడా. ఆ తర్వాత కొన్నేళ్ళకి అది ముసలిదై, నిద్రలోనే పోయింది. ఆ సాయంత్రం పిన్ని ఫోన్ చేసి, "ఇవాళ నాకు ఆకలే వెయ్యలేదే" అంది. ఆదివారం భోజనానికి వస్తానన్నాను. వెళ్ళాను కూడా. కానీ వారానికి ఆదివారం ఒక్కటే. మిగతా రోజులన్నీ మనిషి ఒక్కతే గడపాలి.