నా బదులు బండెక్కిన గుమ్మడికాయలు

నా చిన్నప్పుడు ఒక బోనాల పండుగనాడు, నేను కూర్చోవలసిన చోట గుమ్మడికాయలు కూర్చున్నాయి. అందుకే ఈ వయసులో మల్కాజ్‌గిరిలో మనవల మీద కేకలు వేస్తూ ఇలా బతికి ఉన్నాను. నవ్వకండి, మాటవరసకు అనడం లేదు.

అప్పుడు మేము చిలకలగూడలో ఉండేవాళ్ళం. మా నాయనకు మూడు చక్రాల టెంపో ఉండేది. ఏడాదంతా మార్కెట్టు నుంచి కూరగాయల బస్తాలు మోసే ఆ బండి, బోనాలు వచ్చాయంటే మా గల్లీకి ఫలహారం బండి అయ్యేది. అంటే అమ్మవారికి నైవేద్యం పట్టుకుని డప్పులతో ఊరేగిపోయే బండి. దాని మీద వెదురు బొంగులతో గూడు కట్టి, వేపమండలు, రంగు కాగితాలు చుట్టేవారు. ఏ గల్లీ బండి ఎంత ఎత్తుంటే ఆ గల్లీకి అంత గొప్ప. ముందటేడు పక్క గల్లీ వాళ్ళది మా బండి కన్నా ఎత్తుగా వచ్చింది. అంతే, మా గల్లీ కుర్రాళ్ళకు ఏడాది పొడుగునా తిండి సయించలేదు.

ఆ ఏడు గూడు మీద గూడు కట్టారు. పై గూట్లో చెక్కపీట బిగించి, దాని మీద అమ్మవారి వేషంలో ఒక ఆడపిల్లను కూర్చోబెడతామన్నారు. ఆ ఆడపిల్లను నేనే. ముఖానికి పసుపు, ఆకుపచ్చ చీర, నెత్తిన అట్ట కిరీటం. నా సంబరం ఏమని చెప్పను! తోటిపిల్లలు కుళ్ళుకుని చచ్చారు. అమ్మ కాటుక దిద్దుతూ మురిసిపోయింది. నాయన కూడా కాదనలేదు. గల్లీ అంతా కలిసి అడిగితే కాదనడం ఆయనకు చేతనయ్యేది కాదు.

ఒప్పుకోనిది మా మేనత్త ఒక్కతే. నాయనకు అక్క. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఆయన గడ్డి లోడు లారీ మీద కూర్చుని వస్తుండగా మలుపులో లారీ బోల్తా పడింది. తర్వాత కోర్టులో లారీ యజమాని డ్రైవర్ని చూపించాడు. డ్రైవరేమో లోడు కట్టిన కూలీలను చూపించాడు. ఆయన్ను పైకెక్కమని మేము చెప్పామా అన్నారు కూలీలు. తిరిగి తిరిగి తప్పు చివరికి చచ్చిపోయిన మనిషి మీదికే వచ్చింది. అత్త అప్పటి నుంచి బోనం ఎత్తడం మానేసింది. అయినా గల్లీలో ఎవరి బోనమైనా పేర్చి ఇచ్చేది ఆమే.

పండుగ పొద్దున నన్ను పిలిచి, పక్కన పడి ఉన్న పాత కుండ తీసింది. బోనానికి కింద కుండలో అన్నం బరువు, పైన చిన్న గురిగి, దాని మీద దీపం. బరువంతా అడుగునే ఉంటుంది. అత్త దాన్ని తలకిందులు చేసింది. కింద కుండను ఖాళీగా ఉంచి, పై గురిగి నిండా రాళ్ళు పోసి, నా నెత్తిన పెట్టి, చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఇగ గిర్రున తిరుగు బిడ్డా," అంది.

సగం తిరిగానో లేదో, అంతా ఒరిగి ఆమె చేతుల్లో పడింది. మెల్లగా తిరిగితే పడదు కదా అత్తా అన్నాను. "మెల్లగ తిరిగితే జెర ఆగుతది. ఉతారు మీద తిరిగితే గదీ ఆగది," అంది. మా గల్లీ చివర కమాను దాటగానే ఉతారే. రోడ్డు కిందికి జారుతూ పక్కకు తిరుగుతుంది. ఫలహారం బండి పోవలసింది ఆ దారినే.

ఆ మాటే పోయి కుర్రాళ్ళతో చెప్పింది. బండి సన్నం, చక్రాలు మూడే, బరువంతా నెత్తిన పెడితిరి, పిల్లను ఎక్కించకండని బతిమాలింది. వాళ్ళు పకపకా నవ్వారు. "మోటరు సంగతి నీకేం ఎరుక అత్తా, పోయి బోనాలు సూసుకో," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. నాయన తల వంచుకుని టైర్లు చూసుకుంటున్నాడు.

అత్త లోపలికి వచ్చి కాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత లేచి, నన్ను నడుం పట్టుకుని పైకెత్తి దింపింది. మూల ఉన్న గుమ్మడికాయలు గోనెసంచిలో వేసి దాన్ని ఎత్తి చూసింది. మళ్ళీ నన్ను ఎత్తింది. ఇంకో కాయ వేసింది. నాకేమీ అర్థం కాలేదు, కిరీటం నలుగుతోందని విసుక్కున్నాను.

బండి కదిలే వేళకు అత్త ఆ సంచితో బయటికి వచ్చి, అప్పటికప్పుడు ఒక ఆచారం పుట్టించింది. "ఆడపిల్ల ఎక్కే ముందు అమ్మకు గుమ్మడికాయల మొక్కు ఉంది. ముందుగాల ఇవి ఆ పీట మీద కూసోని, ఉతారు దిగి రావాలె. ఇవి ఉన్నంతసేపు పైన మనిషన్నోడు ఎక్కొద్దు. ఎక్కితిరా, అమ్మ ఊకోదు," అంది. మోటరు సంగతికి నవ్విన వాళ్ళెవరూ అమ్మవారి మాటకు నవ్వలేదు. సంచిని పీటకు తాళ్ళతో బిగించారు. నా సింహాసనం గుమ్మడికాయల పాలైందని నేను వీధిలోనే రాగం తీశాను.

అత్త నా మణికట్టు పట్టుకుంది. అప్పుడు తట్టినట్టుంది ఆమెకు, నన్నైతే ఎక్కకుండా ఆపింది గానీ స్టీరింగు ముందు కూర్చున్నది తన తమ్ముడని. నన్ను ఈడ్చుకుంటూ బండి దగ్గరికి పరుగెత్తింది.

"తమ్మీ, మెల్లగ పో. మలుపు కాడ ఆగి పో."

"ఏందక్కా, నాకు కొత్తనా?" అని నాయన నవ్వి బండి కదిలించాడు.

మేము వెనకే నడిచాం. కమాను దాటేవరకు బాగానే ఉంది. ఉతారు మొదలయ్యాక గూడు అటూ ఇటూ ఊగుతుంటే, కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు. అత్త పట్టు బిగుస్తోంది. నా గాజులు చిట్లి గుచ్చుకుంటున్నాయి. వదులు అత్తా అంటే ఆమెకు వినబడలేదు. మలుపు దగ్గర సందులోంచి ఒక సైకిలు అడ్డం వచ్చింది. నాయన బ్రేకు తొక్కి ఒక్కసారిగా స్టీరింగు తిప్పాడు. వెనక చక్రం ఒకటి గాలిలోకి లేచింది. బండి అలాగే ఒక్క క్షణం నిలబడింది, పడదేమో అనిపించింది. అంతలో పై గూడు బరువు లాగేసింది. బండి మొత్తం పక్కకు ఒరిగి టీ కొట్టు మీద పడింది.

డప్పులు ఆగిపోయాయి. "నాయనా!" అని అరిచింది నేనో అత్తో ఇప్పటికీ తెలియదు. బండి కింది నుంచి నాయనను లాగితే భుజం జారి వేలాడుతోంది, ప్రాణానికి ఫరవాలేదు. టీ కొట్టాయన కాలు బొంగుల కింద పడి విరిగింది. నా పీట కొట్టు గోడకు కొట్టుకుని ముక్కలైంది. గుమ్మడికాయలు పగిలి, గుజ్జు గోడ నిండా చిమ్మింది. అది చూసి నా ఏడుపు ఠక్కున ఆగింది. కిరీటం నేనే తీసేశాను.

పోలీసు సారు వచ్చేసరికి కుర్రాళ్ళు అప్పుడే ఒక మాట అనుకున్నారు. అన్న గట్టిగా తిప్పిండు, మాదేం లేదంటున్నారు. వాళ్ళ పెద్దవాడు నాయన చెవిలో, "సైకిలోడు అడ్డమొచ్చిండు, గంతే అని చెప్పన్నా," అని గొణిగాడు. మామయ్య లారీ కథే మళ్ళీ షురూ అయింది.

"పైన ఎవరుండె?" అని అడిగాడు పోలీసు సారు.

"ఎవ్వరు లేరు సార్, గుమ్మడికాయలే," అన్నారు అందరూ.

నాయన జారిన భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ ఉండె సార్," అన్నాడు.

పోలీసు సారు నన్ను ఎగాదిగా చూశాడు. "గీ పిల్లనా? ఈడనే ఉంది కదా?"

"మా అక్క దింపింది సార్. నేనైతే ఎక్కించేటోణ్ణే. బండి నాది, స్టీరింగు నా చేతుల ఉండె. గంత ఎత్తు కడుతుంటే ఊకున్నది సుత నేనే. జిమ్మేదారి నాది."

అత్త అక్కడే రోడ్డు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మామయ్య పోయిన నాటి నుంచి, తప్పు నాదనే ఆ ఒక్క మాట ఏ నోటినుంచైనా వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. చివరికి తమ్ముడు అన్నాడు.

నాయన మీద కేసు అయింది. ఒకడు ఒప్పుకున్నాడని మిగతావాళ్ళు తప్పించుకోలేదు, గూడు కట్టినవాళ్ళ పేర్లూ రాసుకున్నారు. కోర్టులో నాయన అదే మాట మీద నిలబడ్డాడు. లైసెన్సు కొన్నాళ్ళు తీసేసుకున్నారు. ఆ కొన్నాళ్ళూ ఒంటిచేత్తో టీ కొట్టు ఆయనే నడిపాడు. కొట్టాయన కట్టు కట్టిన కాలు బల్ల మీద చాపుకుని, "శక్కర తక్కువేసినవ్, గిదేం చాయ్!" అని రోజూ తిట్టేవాడు. నాయన కిక్కురుమనకుండా ఇంకో చెంచా వేసేవాడు. ఆ గల్లీలో ఇప్పటికీ బోనాలకు ముందుగా గుమ్మడికాయలు ఊరేగుతాయట. తరతరాల ఆచారమని చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీ.

మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే మా మనవడు ఎత్తు కారు ఒకటి తీసుకుని వచ్చాడు. ఘాట్ రోడ్డు ప్రయాణమట. వెనక సీట్లో వాడి పాప. కారు నెత్తిన కొండంత సామాను. తలుపు పట్టుకుని, "పైన ఎవరున్నరురా?" అని అడిగాను. వాడు నవ్వి, "ఎవరూ లేరు అమ్మమ్మా, సామానే. దీంట్ల ఎయిర్‌బ్యాగులు, సెన్సార్లు అన్నీ ఉన్నయి, పరేషాన్ గాకు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేటవుతోందని వాడు గింజుకుంటున్నా వినకుండా, అక్కడే నిలబెట్టి ఈ కథంతా చెప్పాను.

విన్నాక వాడు పాప వంక ఒకసారి చూశాడు. గొణుక్కుంటూనే పైకెక్కి తాళ్ళు విప్పాడు. బరువు పెట్టెలు దించి డిక్కీ అడుగున సర్దాడు, పట్టనివి మా ఇంట్లో పడేశాడు.

"ఇప్పుడు చెప్పు, పైన ఎవరున్నరు?" అన్నాను మళ్ళీ.

"నా బిడ్డ ఉండె అమ్మమ్మా. దింపిన," అన్నాడు.

అప్పుడుగానీ నేను కారు తలుపు వదలలేదు.